ఎడమ కాలి కింద స్విచ్చి

చిలుకమ్మకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒక్కటే. సాయంత్రం నాలుగింటికి తన మొగుడు పోశయ్య మేజిస్ట్రేటు ముందు నిలబడి, చేయని హత్యను తానే చేశానని ఒప్పుకుంటాడు. కొడితే ఒప్పుకుంటాడని కాదు. ఎవరూ వేలైనా వేయకముందే తల వంచుకుని "తప్పు నాదే" అంటాడు. నాలుగేళ్ల కాపురంలో ఆమెకు తెలిసిన మనిషి అతను. పోయినేడు వాళ్ల అన్న సైకిలు కింద ఒక పిల్లకు దెబ్బ తగిలితే, ఆ తండ్రి దగ్గరికి తానే పోయి, తానే తొక్కానని చెప్పి తన్నులు తిని వచ్చాడు. అదేమంటే అన్నకు ఒంట్లో బాగా లేదన్నాడు.

ఆ గురువారం పగలు పన్నెండు నలభై అయింది. మూడు రోజులుగా ఆమె పోలీసు స్టేషను వరండాలోనే కూర్చుంటోంది. ఒళ్లో ఏడు నెలల బిడ్డ లక్ష్మి. బిడ్డకు ఒళ్లు కొంచెం వేడిగా ఉందో, లేక మార్చి ఎండకు తన చెయ్యే వేడెక్కిందో ఆమెకు తెలియడం లేదు. గంటకు పదిసార్లు మెడ కింద చెయ్యి పెట్టి చూస్తోంది.

సంగతి ఇది. మిర్చి వ్యాపారి వెంకటేశ్వర్లు దగ్గర ఇరవై ఏళ్ల నాటి పెద్ద విదేశీ కారు ఉంది. ఆటోమేటిక్ బండి. క్లచ్ ఉండదు, గేర్లు అదే మార్చుకుంటుంది. ఆ గేర్ బాక్సు పాడైతే దేశమంతా వెతికినా సామాను దొరకలేదు. పోశయ్య దాన్ని దింపేసి, పాత వ్యాను గేర్ బాక్సు ఎక్కించి, క్లచ్ పెడలు పెట్టి, చేత్తో గేర్లు మార్చుకునే బండిగా చేశాడు. ఇంజను బాగానే నడిచింది. ఆ తరువాత పద్నాలుగు రోజులూ కరెంటు బాధలే. ఒక రోజు చాబీ తిప్పితే ఇంజనును లేపే సెల్ఫ్ మోటారు తిరగదు. ఇంకో రోజు రివర్సు లైటు పగలంతా వెలిగి బ్యాటరీ దిగిపోతుంది. చివరికి ఒక పెళ్లికి బయల్దేరే వేళ బండి కదలక, వెంకటేశ్వర్లు పదిమంది ముందు పోశయ్య చెంప మీద కొట్టాడు. అది శుక్రవారం.

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఎనుమాముల దగ్గరి గోదాము షెడ్డులో ఆ కారు ఒక్కసారిగా ముందుకు దుమికి, వాచ్‌మన్ నర్సయ్యను గోడకు నొక్కి చంపింది. రోజూ ఆ వేళకు సేటు వెంకటేశ్వర్లు కారు ముందు నిలబడి అగర్‌బత్తీలు తిప్పి, బానెట్టుకు దండం పెడతాడు. ఆయన దండం పెట్టగానే ముసలి డ్రైవరు యాకయ్య చాబీ తిప్పుతాడు. ఇరవై ఏళ్ల అలవాటు అది. సోమవారం మాత్రం సేటుకు గుంటూరు నుంచి ట్రంకు కాల్ వచ్చింది. అగర్‌బత్తీలు నర్సయ్య చేతిలో పెట్టి లోపలికి వెళ్లాడు.

పోలీసులకు అంతా సూటిగా కనిపించింది. చెంపదెబ్బకు పగ, వైర్లలో మోసం, సేటుకు పెట్టిన ఉచ్చులో వాచ్‌మన్ పడ్డాడు.

ఆ గురువారం మధ్యాహ్నం, చిలుకమ్మ వరండాలో కూర్చుని ఉండగా వెంకట్రాజం వచ్చాడు. ఇన్సూరెన్సు కంపెనీ తరఫున పని చేసే ప్రైవేటు డిటెక్టివు. యాభై దాటిన మనిషి, మాసిన సఫారీ, జేబులో మడత టేపు. దెబ్బతిన్న బండ్లను చూడటంలోనే ఇరవై ఏళ్లు గడిపాడు. కంపెనీ ఉత్తరం చూసి, ఎస్సై రాజేశ్వర్ రావు పోశయ్యతో పది నిమిషాలు మాట్లాడటానికి ఒప్పుకున్నాడు. చిలుకమ్మ అడగకుండానే లేచి వెంట నడిచింది. ఎవరూ ఆపలేదు.

పోశయ్య కటకటాల వెనక గోడకు ఆనుకుని ఉన్నాడు. ముందు బిడ్డను చూశాడు, తరువాత పెళ్లాన్ని. బిడ్డ పాలు తాగుతోందా అని అడిగాడు. వెంకట్రాజం గడియారం చూసుకుని, సెల్ఫ్ వైర్లు ఎట్లా కలిపావో అక్షరం పొల్లు పోకుండా చెప్పమన్నాడు.

పని మాట వచ్చేసరికి పోశయ్య గొంతు తేటపడింది. పాత గేర్ బాక్సులోనే ఒక స్విచ్చి ఉండేదట. బండి గేర్లో ఉంటే సెల్ఫ్‌కు కరెంటు పోనీయదు. గేర్ బాక్సు దింపేశాక ఆ స్విచ్చి వైర్లు రెండు వేలాడుతూ మిగిలాయి. వేరే మెకానిక్కులైతే ఆ రెండూ మెలిపెట్టి వదిలేస్తారు. అట్లా చేస్తే గేర్లో ఉన్న బండి కూడా చాబీ తిప్పగానే దుముకుతుంది. అందుకని పోశయ్య ఆ వైర్లను క్లచ్ పెడలు దాకా తెచ్చి, పాత లారీ బ్రేకు లైటు స్విచ్చి ఒకటి పెడలు కింద బిగించాడు.

"ఎడమ కాలు అడుగుదాక తొక్కితెనే సెల్ఫ్ తిరుగుతది సారు. తొక్కకుంటె చాబీ ఇరిగిపోయేదాక తిప్పినా సప్పుడు గూడ రాదు."

మరి పద్నాలుగు రోజులు కరెంటు ట్రబుల్ ఎందుకు వచ్చిందని వెంకట్రాజం అడిగాడు. రివర్సు లైటు సంగతి మొదటి వారంలోనే సరి చేశానని పోశయ్య చెప్పాడు. సెల్ఫ్ సంగతి దగ్గర ఆగిపోయాడు. వెంకట్రాజం మళ్లీ అడిగాడు. పోశయ్య చిలుకమ్మ వైపు చూశాడు, చూడకూడనిది చూసినట్టు చూపు మళ్లీ నేల వైపు తిప్పుకున్నాడు.

"యాకయ్య మామకు ఎడమ మోకాలు వంగది. ఒక్కోనాడు కిందిదాక తొక్కలేడు. గంతే. వైర్లకేం రోగం లేదు."

"ఈ ముక్క సేటుకు చెప్పినవా?"

"చెప్తె మామ నౌకరి ఉంటదా సారు?"

ఆ శుక్రవారం రాత్రి వాచిన చెంపకు ఉప్పు కాపడం పెట్టింది చిలుకమ్మే. ఏం తప్పు చేశావని పదిసార్లు అడిగింది. ఆ దెబ్బ ఎవరిదో ముసలి మోకాలికి పడాల్సిందని ఇప్పుడు తెలుస్తోంది.

ఇంకొక సంగతి కూడా బయటపడింది. గేర్ బాక్సు మార్చకముందు స్టీరింగు పక్క లివరును పైకంటా తోస్తే బండి కదలకుండా నిలిచేది. ఇరవై ఏళ్లుగా యాకయ్య బండి ఆపగానే లివరు పైకి తోసి దిగిపోయేవాడు. కొత్తగా ఎక్కించిన గేర్ బాక్సులో అదే చోట ముందుకు లాగే మొదటి గేరు వచ్చి కూర్చుంది. యాకయ్య చెయ్యి మాత్రం మారలేదు. షెడ్డులో బండి రోజూ గేర్లోనే ఉంటోంది. కాలి కింది స్విచ్చి ఒక్కటే దాన్ని కాపాడుతోంది.

ఈ మాట యాకయ్యకు ఎందుకు చెప్పలేదని వెంకట్రాజం కొంచెం గట్టిగానే అడిగాడు.

"పెద్దాయన సారు. నేను నడక నేర్వకముందే స్టీరింగు పట్టినోడు. గేరు గట్ల గాదు గిట్ల ఎయ్యాలె అని ఆయన మొఖం మీద నేనెట్ల చెప్త?"

ఎవరికీ చెప్పలేదా అంటే, చెప్పానన్నాడు. సేటు బామ్మర్ది యాదగిరికి. చెంపదెబ్బ తిన్న సాయంత్రమే యాదగిరి పక్కకు పిలిచి, ఆ స్విచ్చి పీకేస్తే ముసలాయనకు బాధ తప్పుతుంది కదా అన్నాడట. పీకేస్తే బండి గేర్లోంచే దుముకుతుందని, మనిషి పోతాడని పోశయ్య విడమరచి చెప్పాడు. లివరు సంగతి కూడా చెప్పి, మెల్లగా మామకు మీరే చెప్పండని బతిమాలాడు. యాదగిరి తల ఊపాడు.

"నా నోటితోటి నేనే చెప్పాల్సింది" అన్నాడు పోశయ్య. "చెప్తె నర్సయ్య బతికేటోడు. తప్పు నాదే సారు. ఇప్పుడు నాది గాదంటె మామ మెడకు సుట్టుకుంటది."

కానిస్టేబులు వచ్చి పది నిమిషాలు అయిందన్నాడు. చిలుకమ్మ కటకటాల మీద చెయ్యి వేసి, నాలుగింటికి ఆ మాట అక్కడ అనొద్దని, బిడ్డ మీద ఒట్టు వేయమని అడిగింది. పోశయ్య ఒట్టు వేయలేదు. బిడ్డ పాదం వేళ్లతో తాకి, జ్వరమేమన్నా ఉందా చూడమన్నాడు.

బయట వెంకట్రాజం స్కూటరు దగ్గర ఆగి, పోశయ్య చేతిపని నీకు గుర్తేనా అని ఆమెను అడిగాడు. వైర్ల అతుకుల మీద చుట్టే సైకిల్ ట్యూబు ముక్కలు కత్తిరించి ఇచ్చేది తనేనని ఆమె చెప్పింది. ఆరో తరగతి మానేసినప్పటి నుంచి తనకొచ్చిన పనులన్నీ ఇట్లాంటివే, బ్లేడుతోనో సూదితోనో చేసేవి. అయితే ఎక్కు బిడ్డా అన్నాడు ఆయన.

వాళ్లు గోదాము షెడ్డు చేరేసరికి రెండు పది. కారు దుమికి ఆగిన చోటే ఉంది. కాపలా కానిస్టేబులు బస్తాల నీడలో కునుకుతున్నాడు. మిర్చి ఘాటుకు బిడ్డ తుమ్మి, ఏడ్చి, మళ్లీ తుమ్మింది. వెంకట్రాజం టేపు తీసి కొలిచాడు. బంపరుకూ గోడకూ మధ్య ఇప్పుడు జానెడు చోటుంది. టైర్లు నేలను గీరిన గుర్తు చూస్తే బండి మూడున్నర అడుగులు దుమికింది. లివరు పైకంటా ఉంది. ఇంతవరకు పోశయ్య చెప్పినట్టే ఉంది.

డాష్‌బోర్డు కిందికి ఆయన వంగబోయి, నడుము పట్టేసి లేచాడు. చేతులు చాచి బిడ్డను ఇమ్మన్నాడు, టార్చి ఆమె చేతిలో పెట్టాడు. చిలుకమ్మ కొంగు నడుముకు చెక్కి, పెడళ్ల మధ్య తల దూర్చింది.

నాలుగు వైర్లు కనిపించాయి. రెండు రివర్సు లైటువి. వాటి అతుకుల మీద సైకిల్ ట్యూబు ముక్కలు, పైన బస్తాలు కుట్టే తెల్ల దారం. ముక్కల అంచులు ఏటవాలుగా ఉన్నాయి. అవి తన బ్లేడు కోతలే. దుమ్ము పట్టి నల్లబడ్డాయి. తరువాత పెడలు కింది స్విచ్చి. దాని రెండు కొనలకూ వైర్లు లేవు. పోశయ్య అక్కడిదాకా తెచ్చిన వైర్లు రెండూ కొంచెం పైన ఒకదానికొకటి మెలివేసి ఉన్నాయి. ఆ మెలిక మీద తళతళలాడే నల్ల టేపు. దుమ్ము రవ్వంత లేదు.

ఆమె అక్కడి నుంచే, తల తీయకుండా చెప్పింది. "సారు, ఇది మా ఆయన చెయ్యి గాదు. మా ఇంట్ల టేపు లేనే లేదు. కొన్నది లేదు."

దేన్నీ ముట్టుకోవద్దని, మెల్లగా బయటికి రమ్మని వెంకట్రాజం అన్నాడు. పంచనామా కావాలి, ఇద్దరు సాక్షులు కావాలి, ఫొటో కావాలి, టేపు జిగురు వైపు వేలిముద్ర ఉంటుంది. ఆయన కానిస్టేబులును లేపి ఫోను ఎక్కడుందని అడుగుతుండగానే జీపు చప్పుడైంది.

రాజేశ్వర్ రావు దిగాడు. రెండు నలభై. వెనకాలే సేటు బామ్మర్ది యాదగిరి, ఇస్త్రీ చెదరని తెల్ల బట్టల్లో, నడిచి వచ్చాడు.

"ఏం ఇన్సూరెన్స్ సాబ్, ముద్దాయి పెండ్లాన్ని అసిస్టెంటుగ పెట్టుకున్నరా?" అన్నాడు ఎస్సై.

వెంకట్రాజం బిడ్డను చిలుకమ్మకు అందించి, చూసిందంతా వరుసగా చెప్పాడు. ఒకే మనిషి ఒకే వారంలో రెండు అతుకులు ట్యూబుతో, ఒక అతుకు టేపుతో వేయడన్నాడు. తన స్విచ్చి తానే పీకే పని ఉంటే అసలు బిగించేవాడే కాదన్నాడు. రాజేశ్వర్ రావు ఓపికగానే విన్నాడు. విని, పెళ్లాం మాట సాక్ష్యమైతే జిల్లాలో ఒక్క దొంగ కూడా జైల్లో ఉండడన్నాడు. వేలిముద్రలు హైదరాబాదు పంపితే జవాబు వానాకాలానికి వస్తుందన్నాడు.

"నాలుగింటికి వాడే ఒప్పుకుంటాండు. ఒప్పుకునేటోని చెయ్యి పట్టి గుంజుడు మీకెందుకు?"

"ఒప్పుకునుడు వేరు, చేసుడు వేరు రాజేశ్వర్ రావ్. ఆ టేపు ముట్టకండి. అంతే నేనడిగేది."

రాజేశ్వర్ రావు కారు తలుపు తీసి, వంగి, ఏదీ మీ టేపు అంటూ చెయ్యి పెట్టాడు. చిలుకమ్మ సారూ అనేలోపే మెలిక ఊడి చేతికొచ్చింది. ఆయన టేపు విప్పి, వేళ్ల మధ్య నలిపి, అంటుకున్న జిగురు తుడుచుకోవడానికి దాన్నే వాడి, కింద పడేశాడు. కావాలని చేశాడో, తెలియక చేశాడో ఆమెకు అర్థం కాలేదు. రెండింటిలో ఏదైనా ఇప్పుడు తేడా లేదు.

వెంకట్రాజం ఆ ముక్కను రుమాల్లో ఎత్తి పెట్టుకున్నాడు గాని, ఎందుకు పెట్టుకున్నాడో తనకే తెలియనట్టున్నాడు. తరువాత యాకయ్య వాంగ్మూలం ఒకసారి చూపించమన్నాడు. మూడు వరుసలే ఉంది. చాబీ తిప్పాను, కారు దుమికింది, నర్సయ్య గోడకు నలిగాడు. కింద వేలిముద్ర.

అప్పుడు యాదగిరి నిదానంగా, పరామర్శకు వచ్చినవాడిలా అన్నాడు.

"ఎవరినని ఏం లాభం సార్. ముసలాయన ఎడమ కాలు తొక్కకుంటనే చాబీ తిప్పిండు. బండి దుంకింది. నర్సయ్య రాత గట్లున్నది."

వెంకట్రాజం వాంగ్మూలం మడిచి ఎస్సైకి ఇచ్చేశాడు.

"కాలు తొక్కలేదని మీకెవరు చెప్పారు?"

"యాకయ్యనే."

"పోలీసులకు చెప్పలేదే. పద్నాలుగు రోజులు కాలు తొక్కందే ఈ బండి కిర్రుమనలేదు. ఆ సంగతి మోకాలు నొప్పి పెట్టే యాకయ్యకు అందరికంటే బాగా తెలుసు. సోమవారం పొద్దున తొక్కకుండా తిప్పాడంటే, ఇక తొక్కే పని లేదని ఎవరో ఆయనకు చెప్పి ఉండాలి. వైర్లు మార్చినవాడు చెప్పి ఉండాలి. పోశయ్య శుక్రవారం తరువాత ఈ గడప తొక్కలేదు."

చిలుకమ్మ యాదగిరి చేతుల వైపు చూసింది. శుభ్రంగా ఉన్నాయి. పన్నెండేళ్లుగా ఈ గోదాము నడిపింది అతనేనని, ఈ ఉగాదికి లైసెన్సు సేటు అల్లుడి పేరు మీదికి మారుతోందని, వచ్చేదారిలో వెంకట్రాజం చెప్పాడు. అప్పుడు ఆమెకు అది పట్టలేదు. ఇప్పుడు పట్టింది. ఉగాదికి ముందే సేటు పోతే ఆ లైసెన్సు మారదు.

యాదగిరి నవ్వలేదు, బెదరలేదు. "అయితె యాకయ్యనే అడుగుండ్రి" అన్నాడు. "మోకాళ్లకు పసరు పోసేటాయన నర్సంపేట అవతల ఉన్నడంటె, మా జీపుల పంపిన. ఒంటిగంటకు పోయిండు. ఎస్సై సాబ్‌కు చెప్పే పంపిన."

రాజేశ్వర్ రావు అవునన్నట్టు తల పంకించాడు. నర్సంపేట పోలీసులకు వైర్‌లెస్‌లో చెప్పి ఆ జీపును ఆపించమని వెంకట్రాజం అడిగాడు. అడిగిన తీరు చూసి చిలుకమ్మ భయపడింది. ఆ మనిషి బతిమాలుతున్నాడు. సాక్షి పారిపోలేదు, వైద్యానికి పోయాడు, దానికి వైర్‌లెస్ ఎందుకని ఎస్సై జీపెక్కాడు. ముద్దాయిని కోర్టుకు తీసుకుపోయే వేళయిందన్నాడు.

మూడు పది. స్కూటరు ఒకటి, దారులు రెండు. హనుమకొండ కోర్టుకు పోతే పోశయ్య నోరు ఆపవచ్చు. నర్సంపేట రోడ్డు పడితే యాకయ్యను దక్కించుకోవచ్చు. రెండు గంటల ముందు బయల్దేరిన జీపును స్కూటరు అందుకుంటుందని ఇద్దరికీ నమ్మకం లేదు. వెంకట్రాజం స్టాండు తీయకుండా హ్యాండిలు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన అడగలేకపోతున్నాడని ఆమెకు తెలిసింది.

"మీరు మామ దగ్గరికి పోండ్రి సారు" అంది. "ఎడమ కాలు తొక్కకు అన్నదెవలో ఆయన నోట్లెనే ఉన్నది. మా ఆయన దగ్గరికి నేను పోత."

ఆటో దొరికేసరికి మూడున్నర. దారిలో రైలు గేటు పడింది. బొగ్గు వ్యాగన్లు లెక్కపెట్టలేనన్ని పోయాయి. ఆమె కోర్టు వరండాలోకి పరిగెత్తేసరికి నాలుగు ఇరవై. పోశయ్య బయటికి వస్తున్నాడు, చేతికి బేడీ, పక్కన ఇద్దరు కానిస్టేబుళ్లు. చెప్పేశాడు. మేజిస్ట్రేటు ఆలోచించుకొమ్మని రెండుసార్లు అడిగాడట. రెండుసార్లూ ఒకటే చెప్పాడు. సంతకం కూడా అయిపోయింది.

చిలుకమ్మ అరవలేదు. అతని పక్కనే నడుస్తూ, ఊపిరి అందక ముక్కలు ముక్కలుగా చెప్పింది. స్విచ్చికి వైర్లు లేవని. మెలేసి ఉన్నాయని. పైన నల్ల టేపు ఉండెనని.

పోశయ్య నిలబడిపోయాడు.

"టేపా?"

"కొత్త టేపు."

మూడు రోజుల్లో మొదటిసారి అతను తల ఎత్తాడు. ఆ ముఖంలో అన్నీ ఒకదాని వెనక ఒకటి అర్థం కావడం ఆమె చూసింది. స్విచ్చి తీసేయమన్నది ఎవరు, తీసేస్తే ఏమవుతుందో ఎవరికి తను పూసగుచ్చినట్టు చెప్పాడు, అన్నీ. అతను వెనక్కి తిరిగి, సారు, నేను మళ్ల లోపలికి పోవాలె, ఒక్క మాట చెప్పాలె అన్నాడు. మేజిస్ట్రేటు లేచి వెళ్లిపోయాడని, ఏమన్నా ఉంటే వకీలుతో చెప్పుకొమ్మని కానిస్టేబులు అతని భుజం పట్టి వ్యాను వైపు నెట్టాడు. ఎక్కేటప్పుడు పోశయ్య బిడ్డను చూడలేదు.

"మామ" అన్నాడు. "మామ ఏడున్నడు?"

వ్యాను పోయింది.

వెంకట్రాజం నుంచి కబురు లేదు. అయిదున్నర నుంచి ఆమె బస్‌స్టాండులో, నర్సంపేట నుంచి వచ్చే బస్సులు ఆగే చోట నిలబడింది. దిగిన ప్రతి కండక్టరునూ దారిలో జీపుగాని, స్కూటరుగాని కనిపించిందా అని అడిగింది. ఇద్దరు చూడలేదన్నారు. మూడో అతను టికెట్ల సంచి సర్దుకుంటూ, ఆకుపచ్చ జీపే కదా అన్నాడు. చెరుకు తోటల మలుపు దగ్గర రోడ్డు దిగి ఉందట. రెండు తలుపులూ తెరిచి ఉన్నాయట. మనుషులెవరూ లేరు. స్కూటరు కూడా కనిపించలేదు.

ఆ దారిన పోయే ఆఖరి బస్సు ఆమె కళ్ల ముందే కదిలింది. బిడ్డకు ఒళ్లు కాలిపోతోంది. ఇప్పుడు అనుమానం లేదు, జ్వరమే. దవాఖానకు పోవాలి. ఆమె రెండు చోట్ల ఉండలేదు.

అందుకే, ఇది చదువుతున్న మీలో ఎవరైనా నర్సంపేట రోడ్డు మీద ఉంటే, ఆ మలుపు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఖాకీ చొక్కా, తెల్ల మీసాలు, అరవై అయిదేళ్ల మనిషి. పేరు యాకయ్య. తోటల్లోకి నాలుగడుగులు వేసి పిలవండి. మామా అంటే పలుకుతాడు. ఆయన పలికాడో లేదో, ఒక్కసారి చూసి చెప్పండి.